పప్పు గ్లాసు, బీ12 మాత్ర: పాలు, గుడ్డు, మాంసం మానేస్తే తిండి సరిపోతుందా?

పోయిన దసరాకు బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి, సంచి కింద పెట్టకముందే చెప్పింది: "అమ్మా, నాకు కాఫీ కలపొద్దు. పాలు మానేశాను." పాలే కాదు, పెరుగూ నెయ్యీ కూడా మానేసిందట. వీగన్ అయిందట. మా అత్త అప్పుడే పాలకు తోడు వేస్తోంది. గరిటె అట్లాగే చేతిలో పట్టుకుని, "పాలు మానేసి ఏం తింటావే, గడ్డా?" అంది.

"నానమ్మా, అమెరికా డైటీషియన్ల సంఘమే సరిపోతుందని చెప్పింది."

"చెప్తారు. వాళ్లొచ్చి వండి పెడతారా?"

నవ్వుకున్నాం గానీ, అత్త అడిగిన దాంట్లో అసలు విషయం ఉంది. కొన్నాళ్లు కూర్చుని ఏ సంస్థ ఏమందో చదివి, మా వంటింటి డబ్బాలతో సరిచూసుకున్నాను. ఎవరి తిండి ఎవరికి నప్పుతుందో తేల్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. తిరుపతిలో మాంసం వండని ఇల్లు మాది. అయినా నలుగురికి మూడు రకాల తిండి. అత్తకు 71 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ మాత్ర వేసుకుంటోంది, పెరుగు లేనిదే ముద్ద దిగదు. నాదీ అదే తిండి. పోయిన ఏడాది రక్త పరీక్షలో నా బీ12 విటమిన్ 168 అని వచ్చింది. 200 లోపు ఉంటే లోపం కిందే లెక్క. మా ఆయన ఇంట్లో శాకాహారి, ఆఫీసు దగ్గర బండి మీద ఆమ్లెట్ తింటాడు. అది అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడం. ఇప్పుడు వీగన్ ఒకటి చేరింది. పక్క వాటా అక్కావాళ్లు అన్నీ తింటారు. పోల్చి చూడటానికి వీధి దాటాల్సిన పని లేకపోయింది.

కొండ మీద మాంసం నిషేధం కాబట్టి మన ఊరంతా శాకాహారులే అనుకుంటారు బయటివాళ్లు. 2014లో కేంద్రం చేసిన నమూనా సర్వేలో మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. కాబట్టి ఇది శాకాహారుల కోసమే రాసింది కాదు. మాంసం తింటున్నాం గదా, మాకేం ఢోకా లేదు అనుకునేవాళ్లకూ ఇందులో ఒక మాట ఉంది.

సంస్థలు అసలేమన్నాయి

మా అమ్మాయి చెప్పింది అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ గురించి. అమెరికాలో డైటీషియన్లకు అది పెద్ద సంఘం. 2016లో వాళ్లు ఇచ్చిన పత్రం సారాంశం ఇది: సరిగ్గా ప్లాన్ చేసుకుంటే శాకాహారం, వీగన్ తిండి కూడా, ఆరోగ్యకరమే, పోషకాలకు లోటుండదు, గర్భిణుల నుంచి పసిపిల్లలు, ముసలివాళ్ల దాకా అందరికీ పనికొస్తుంది. ఇంటర్నెట్‌లో పదేళ్లుగా తిరుగుతున్న మాట ఇదే. 2025లో అదే సంఘం కొత్త పత్రం తెచ్చింది. పెద్దవాళ్లకు సరిపోతుందనే మాట మారలేదు. కానీ 18 ఏళ్ల లోపు పిల్లలను, గర్భిణులను, పాలిచ్చే తల్లులను ఆ పత్రం పరిధి నుంచి పక్కన పెట్టారు. వాళ్లకు చెడ్డదని అనలేదు, ఈసారి వాళ్ల గురించి మాట్లాడలేదు, అంతే. పాత పత్రం పట్టుకుని "అందరికీ సరే" అని వాదించేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

జర్మనీ పోషకాహార సంఘం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2016లో వాళ్లు గట్టిగానే చెప్పారు: పూర్తి మొక్కల తిండితో కొన్ని పోషకాలు అందడం కష్టం, కొన్నయితే అసలు అందవు, గర్భిణులు, బాలింతలు, పిల్లలకు మేం సిఫారసు చేయం అని. 2024లో మాట సడలించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు బీ12 మాత్ర వేసుకుంటూ, అన్నీ కలిపి చూసుకుని తింటే మంచిదే అన్నారు. పిల్లలు, గర్భిణుల విషయంలో అవుననీ కాదనీ తేల్చలేదు.

ఆస్ట్రేలియా 2013 మార్గదర్శకాలు, బ్రిటన్ డైటీషియన్ల సంఘం అన్ని వయసుల వాళ్లకూ సరేనన్న వైపు ఉన్నాయి. బెల్జియం రాయల్ అకాడమీ ఆఫ్ మెడిసిన్ 2019లో పిల్లలకు వీగన్ తిండి వద్దని గట్టిగా చెప్పింది.

మనకు దగ్గరిది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్. 2024 మేలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో రెండు వేల క్యాలరీల పళ్లెం ఒకటి చూపించారు. కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, తృణధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, గింజలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పప్పునూ మాంసాన్నీ ఒకే గడిలో పెట్టారు చూడండి. మాంసం లేకపోయినా ఆ పళ్లెం నిండుతుంది. పాలకు మాత్రం వేరే గడి ఉంది. అంటే మన సంస్థ గీసిన పళ్లెం పాలతో కూడిన శాకాహారానికి అచ్చంగా సరిపోతుంది, వీగన్‌కు మాత్రం ఆ 300 మిల్లీలీటర్ల చోట ఇంకేదో వెతుక్కోవాలి.

ఇన్ని సంస్థలు ఇన్ని రకాలుగా చెప్పినా పెద్దవాళ్ల విషయంలో పెద్ద గొడవ లేదు. సరిపోతుంది అన్న ప్రతి చోటా దాని ముందు "ప్లాన్ చేసుకుంటే" అనో "చూసుకుని తింటే" అనో ఉంటుంది. వండి పెడతారా అని అత్త అడిగింది సరిగ్గా దీన్నే.

పప్పు గ్లాసు

85 గ్రాముల పప్పంటే ఎంతో నాకు తెలియదు. మా అమ్మాయి కేకులకు కొన్న చిన్న కాటా ఉంది ఇంట్లో. రోజూ కందిపప్పు కొలిచే స్టీలు గ్లాసు నింపి తూచాం. 120 గ్రాములు. ఆ గ్లాసు పప్పే మా నలుగురికీ రోజంతా, మధ్యాహ్నం పప్పు, రాత్రికి చారు. తలకు 30 గ్రాములు. నలుగురికీ కావాల్సింది 340. మూడో వంతు తింటూ ఇరవై ఏళ్లుగా "మేం శాకాహారులం, పప్పు బాగా తింటాం" అనుకుంటున్నాను.

అన్నం మాత్రం కొలవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.

ఎన్ఐఎన్ లెక్కన కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. దీని కోసం డబ్బాల్లో పొడులు కొనక్కర్లేదు. వంద గ్రాముల రాగిపిండిలో ఏడు, నూట యాభై గ్రాముల బియ్యంలో పన్నెండు, 85 గ్రాముల పప్పులో పద్దెనిమిది, గుప్పెడు చెనిక్కాయల్లో ఎనిమిది, కూరగాయల్లో ఇంకో ఆరేడు. యాభై దాటిపోయింది. ఇందులో పాలు లేవు, గుడ్డు లేదు, మీల్‌మేకర్ కూడా లేదు. బియ్యంలో తక్కువైన లైసిన్ అనే ప్రొటీన్ ముక్క పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. ఒకే ముద్దలో కలపాల్సిన పని కూడా లేదు, ఆ రోజులో రెండూ పడితే చాలు.

నిజానికి చిత్తూరు పల్లెల పాత తిండి ఈ లెక్కకు దగ్గరగానే ఉంటుంది. సంగటి, ఉలవచారు, ఊరిబిండి, తోటకూర పప్పు, చలికాలంలో పితికిపప్పు. మా అమ్మ డిసెంబరులో అనపగింజలు రాత్రి నానేసి, పొద్దున వాకిట్లో కూర్చుని రెండు వేళ్ల మధ్య ఒక్కొక్కటే నొక్కితే పప్పు టప్పున గిన్నెలోకి ఎగిరేది, పొట్టు చేతిలో మిగిలేది. గంట పని. ఆ కూర ఆ రోజు అన్నం కంటే ఎక్కువ తినేవాళ్లం. ఇప్పుడు ఒలిచిన పితికిపప్పు మార్కెట్లో దొరుకుతుంది గానీ, మన పళ్లెంలో అది అంచున నంజుకునేది అయిపోయింది. తెల్లన్నం మధ్యకొచ్చి కూర్చుంది.

పాలూ పెరుగూ ఉన్న శాకాహారం

తిరుపతిలో శాకాహారి అంటే చాలావరకు ఇదే. మంచి ఎంపికే. ఏ పెద్ద సంస్థకూ దీని మీద అభ్యంతరం లేదు. అయితే ఇందులో ఉన్నవాళ్లు తమకేమీ లోటు రాదన్న ధీమాతో ఉంటారు. నేనూ అట్లాగే ఉండేదాన్ని.

బీ12ను మొక్కలు తయారు చేసుకోలేవు, జంతువులూ చేసుకోలేవు. అది చేసేది బ్యాక్టీరియా. పశువుల కడుపులో తయారై పాలలోకి, మాంసంలోకి వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు చాలు. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో అర మైక్రోగ్రాము లోపే ఉంటుంది. ఎన్ఐఎన్ చెప్పిన 300 మిల్లీలీటర్లు తాగితే సగానికి కాస్త పైన. మరి నేను తాగేదెంత? రెండు కాఫీల్లో కలిపి వంద. రాత్రి మజ్జిగ, అందులో మూడొంతులు నీళ్లే. 168 రాకుండా ఏమవుతుంది?

అత్త పరిస్థితి ఇంకా చిక్కు. పాలు ఎక్కువే తాగుతుంది, కానీ ఆమె మింగే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. ఏళ్ల తరబడి వాడితే అది బీ12ను ఒంటికి పట్టనివ్వదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో దీన్ని మామూలుగా కనిపించే దుష్ప్రభావాల్లో చేర్చి, పరీక్ష చేయించమని డాక్టర్లకు చెప్పింది. వయసు మీద పడితే కడుపులో ఆమ్లం తగ్గి పట్టడం ఇంకా తగ్గుతుంది. రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలదీ అదే దారి. అరికాళ్లలో చీమలు పాకినట్టుంటే "షుగర్ గదా, అంతే" అని మన పెద్దవాళ్లు సర్దుకుపోతారు. అందులో కొంత బీ12 లోపమూ కావచ్చు. షుగర్ మాత్ర వాడే శాకాహారులు ఏడాదికోసారి ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. బీ12 మాత్రలు మొదలుపెట్టాక చేయిస్తే అంకె పెరిగిపోయి అసలు సంగతి తెలియదు, కాబట్టి ముందు పరీక్ష.

ఇంకొకటి, ఐరన్. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని ఎన్ఐఎన్ లెక్క, మగవాళ్లకు 19. ఆకుకూరల్లో, ఉలవల్లో ఉన్నది మాంసంలో ఉన్నంత సులువుగా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే ఎక్కువ పడుతుంది, భోజనం మీద కాఫీ తాగితే తగ్గుతుంది. తిండికి ముందూ వెనకా ఒక గంట కాఫీ, టీ వద్దని ఎన్ఐఎన్ చెప్పింది. భోజనం అయ్యీ కాకముందే ఫిల్టర్ కాఫీ అడిగే ఇల్లు మాది. ఈ ఒక్కటి మార్చడానికి నాకు పట్టినంత టైం ఇంకే దానికీ పట్టలేదు.

ఆదివారం కోడి తినేవాళ్లు

పక్క వాటా అక్క నా బీ12 సంగతి విని, "ఏందబ్బా, నువ్వు పప్పు తినేదానివి, నీకు తక్కువంటే అర్థం ఉంది. నాకు రక్తం తొమ్మిది ఎందుకుంది?" అని అడిగింది. వాళ్లింట్లో ఆదివారం నాటుకోడి పులుసు, సంగటి. నిజంగానే ఘుమఘుమలు మా బాల్కనీ దాకా వస్తాయి. సోమవారం నుంచి శనివారం దాకా రసం, అన్నం, వేపుడు.

వారానికి రెండు మూడు ముక్కలు తిన్నంత మాత్రాన ఐరన్ లెక్క తీరదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 98 శాతం మాంసం తినే రాష్ట్రమిది. రక్తహీనతకు కారణాలు చాలా ఉంటాయి, అన్నీ తిండివే కావు. అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచి, మాంసం తింటే చాలు అన్న మాట నేను నమ్మడం లేదు.

కోడి మాంసంలో బీ12 మనం అనుకున్నంత ఉండదు, వంద గ్రాములకు అర మైక్రోగ్రాము కూడా కష్టం. మటన్, చేపల్లో ఎక్కువ, లివర్‌లో మరీ ఎక్కువ. మటన్ లాంటి ఎర్ర మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో "క్యాన్సర్‌కు బహుశా కారణం" అన్న జాబితాలో, సాసేజ్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని "కారణం" అన్న జాబితాలో పెట్టింది. వారానికోసారి ఇంట్లో వండిన మటన్‌కు భయపడాల్సిన పని లేదు గానీ, రోజూ మాంసం ఉంటేనే బలం అనేవాళ్లు ఇది చూసుకోవాలి.

గుడ్డు దగ్గర ఆగేవాళ్లు

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తక్కువ ఆలోచనతో ఎక్కువ గిట్టుబాటు ఇదే. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, అర మైక్రోగ్రాము దాకా బీ12. బడి భోజనంలో పిల్లలకు గుడ్డు పెట్టేది ఊరికే కాదు. ఇంట్లో అభ్యంతరం లేకపోతే పాలు, రోజుకో గుడ్డు, రెండు పూటలా పప్పు. కాటా బయటికి తీయాల్సిన అవసరం కూడా రాదు. మా ఆయన రిపోర్టు మా ఇంట్లో అందరి కంటే బాగుంది. ఆ బండి ఆమ్లెట్ సంగతి అప్పుడు కూడా ఎవరం మాట్లాడలేదు.

వీగన్

ఇక మా అమ్మాయి. వయసు 24, ఆరోగ్యంగా ఉంది. సంస్థలన్నీ సరేనన్న గుంపులోనే ఉంది. కాబట్టి వాదన మానేసి, ఏం పెట్టాలో చూసుకున్నాను.

మొదటిది, వాయిదా వేయడానికి వీల్లేనిది, బీ12 మాత్ర. ఇందులో ఇష్టాయిష్టాలు లేవు. ఇడ్లీ పిండి పులుస్తుంది గదా, అందులో ఉంటుంది అంటారు కొందరు. దాన్ని నమ్ముకోవడానికి లేదు. స్పైరులీనా అనే నాచు పొడిలో ఉందని రాసేది ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకలు రూపం. బ్రిటన్ వీగన్ సొసైటీవాళ్లే తమ సభ్యులకు చెప్పే మోతాదు రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదంటే వారానికోసారి 2000. అంత తేడా ఎందుకంటే, ఒంటికి ఒక్కసారికి పట్టేది ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే, మిగిలిన దాంట్లో నూటికి ఒక వంతు మాత్రమే లోపలికి పోతుంది. ఒంట్లో నిల్వ కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి మానేసిన మొదటి ఏడాది ఏమీ తెలియదు. "రెండేళ్లయింది, నాకేం కాలేదు" అనే మాటను అందుకే పట్టించుకోవద్దు.

మాత్రలోని బీ12 బ్యాక్టీరియాతో పులియబెట్టి చేసేదే, అందులో జంతువుది ఏమీ లేదు. క్యాప్సూల్ పైతొడుగు మాత్రం చాలావరకు జెలటిన్, పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసేది. వీగన్లే కాదు, మడి పాటించే మన పెద్దవాళ్లు కూడా ఇది తెలియక మింగేస్తుంటారు. మందుల షాపులో టాబ్లెట్ రూపంలో అడగండి.

రేషన్ బియ్యంలో కలిపిన ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) గింజల్లో కూడా ఐరన్, ఫోలిక్ ఆమ్లంతో పాటు బీ12 ఉంటుంది. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. కడిగేటప్పుడు కాస్త పచ్చగా తేలితే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తారు మన వీధిలో. పారేయకండి. అట్లాగని దానితోనే సరిపెట్టుకోనూ కూడదు, రోజు అన్నంలో వచ్చేది అవసరంలో పదో వంతు.

రెండోది క్యాల్షియం. పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు. ఇక్కడ చిత్తూరులో పుట్టడం కలిసొచ్చింది. వంద గ్రాముల రాగుల్లో 360 దాకా ఉంటుంది, అంటే ఎన్ఐఎన్ పళ్లెంలోని పాలు ఇచ్చేంత. యాభై గ్రాముల మునగాకుకు 150, పదిహేను గ్రాముల నువ్వులకు 190, పప్పుకు వంద పైన. ఎనిమిది వందలు దాటింది. కానీ రాగి సంగటి నెలకోసారి హోటల్లో తింటే ఈ లెక్క రాదు, రోజూ ఒక పూట ఉండాలి. తోటకూర, పాలకూరల్లో అంకెలు పెద్దవి గానీ క్యాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ వల్ల ఒంటికి పట్టేది తక్కువ, మునగాకు నయం. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 55 వేల మందిని పదిహేడేళ్లకు పైగా గమనించి 2020లో చెప్పింది ఏమిటంటే, మాంసం తినేవాళ్ల కంటే వీగన్లలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువ. బరువు తక్కువగా ఉండటం, క్యాల్షియం, ప్రొటీన్ చాలకపోవడం ఇందులో కొంత కారణం. గుండె జబ్బు విషయంలో అదే పరిశోధన శాకాహారుల వైపే మొగ్గింది, 22 శాతం తక్కువ. పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ కనిపించింది. ఎవరికి వాళ్లు తమకు నచ్చిన అంకె ఏరుకుని వాట్సాప్‌లో పంపుకోవడానికి కావాల్సినంత ఉంది ఇందులో.

మూడోది ఎవరికీ తట్టనిది, ఉప్పు. పాలు, చేపలు మానేసినవాళ్లకు అయోడిన్ వచ్చే దారి దాదాపు అయోడైజ్డ్ ఉప్పు ఒక్కటే. ఆరోగ్యమని సైంధవ లవణానికి మారిన ఇళ్లలో ఆ దారీ మూసుకుపోతుంది. మా అమ్మాయి గదిలో ఉన్నది గులాబీ రంగు ఉప్పే. మామూలు ప్యాకెట్ ఇచ్చి పంపాను.

జింక్, ఐరన్ బాగా పట్టాలంటే పప్పులు నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒమేగా-3కి అవిసె పొడి రోజుకో చెంచా.

బాదం పాల ప్యాకెట్ చూసి వీగన్ అంటే డబ్బున్నవాళ్ల తిండి అనుకుంటారు. ఆ ప్యాకెట్లో ప్రొటీన్ నామమాత్రం. సోయా పాలు నయం, క్యాల్షియం కలిపారో లేదో వెనక చదువుకోవాలి. అదంతా లేకపోయినా ఉలవలు, రాగులు, చెనిక్కాయలు, మీల్‌మేకర్‌తో బండి నడుస్తుంది, మాంసం కంటే చవకగా. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోవద్దు. పాలున్నా ఆ చుక్కే వేస్తారు, వీగన్‌కు వేరే గుర్తు ఉంది. బయట తినేటప్పుడు దోసె మీద "నెయ్యి వద్దన్నా" అని చెప్పుకోవాలి. పులిహోర పర్వాలేదు, దద్దోజనం, చక్కెర పొంగలి కుదరవు. కొండకు పోయొచ్చినప్పుడు లడ్డూ మాత్రం చిటికెడు నోట్లో వేసుకుంది. అడిగితే, "అది తిండి కాదు, ప్రసాదం" అంది. వాళ్ల నానమ్మ ముఖం వెలిగిపోయింది.

గర్భిణులు, పసిపిల్లల తల్లులు

ఇక్కడ నా సలహా కాస్త గట్టిగానే ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వీగన్‌గా కొత్తగా మొదలుపెట్టకండి. ముందు నుంచీ వీగన్ అయితే తొలి నెలలోనే డాక్టరుకు చెప్పి బీ12 చూపించుకోండి. సంస్థలే ఒక మాట మీద లేని చోట మనం ధైర్యం చేయక్కర్లేదు. పాలు తాగే శాకాహారులైనా పరీక్ష తప్పించుకోవద్దు. తల్లిలో బీ12 తక్కువైతే తల్లిపాలలోనూ తక్కువే. అప్పటిదాకా నవ్వుతూ, మెడ నిలిపిన బిడ్డ నెలలు గడిచేకొద్దీ నీరసించి, వణుకు వచ్చిన సందర్భాలు మన దేశంలో పిల్లల డాక్టర్లకు బాగా తెలుసు.

ఇంకో చిక్కు ఉంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అది వేసుకోవాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ బీ12 తక్కువై వచ్చిన రక్తహీనతను కూడా అది సరిచేసేస్తుంది, నరాల నష్టాన్ని మాత్రం ఆపదు. రక్తం పెరిగింది గదా అని ఊరుకుంటే లోపల జరిగేది బయటపడదు.

రెండేళ్ల లోపు పిల్లలకు పాలు, గుడ్డు లాంటివి మానిపించి ప్రయోగాలు వద్దు. వాళ్ల పొట్ట చిన్నది, పప్పూ ఆకులతోనే నింపితే కావాల్సిన శక్తి పట్టదు. పట్టుదలగా వీగన్‌గా పెంచాలనుకుంటే చార్టు రాసి, బరువు చూసే డైటీషియన్ పక్కన ఉండాలి. యూట్యూబ్ వీడియోలు చాలవు.

నన్ను అడిగితే

అరవై దాటి, షుగర్ మాత్ర వాడుతుంటే పాల తిండి మార్చొద్దు, బీ12 చూపించుకోండి. ముప్పై లోపు, ఆరోగ్యంగా, వంట మీద ఓపిక ఉంటే వీగన్‌కు నాకు అభ్యంతరం లేదు. వంట చేసుకోని హాస్టల్ పిల్లలు, మూడు పూటలా బయట తినేవాళ్లు మాత్రం పాలు, కుదిరితే గుడ్డు ఉంచుకోండి. పులిహోర, నిమ్మకాయ అన్నంతో నడిచే వీగన్ తిండిని ఏ సంస్థా సరిపోతుందని అనలేదు. అన్నీ తినేవాళ్లు ఆదివారాన్ని అట్లాగే ఉంచుకుని, మిగిలిన ఆరు రోజుల పప్పు చూసుకోండి. పక్క వాటా అక్కకు నేను చెప్పింది ఇంతే. ఆమె ఇప్పుడు మంగళ, శుక్రవారాలు ఉలవచారు కాస్తోంది, చిక్కటిది కాస్త మాకూ వస్తుంది.

మా ఇంట్లో పాత గ్లాసు బియ్యం డబ్బాలోకి పోయింది. పప్పుకు పెద్ద గ్లాసు వచ్చింది. మొదటి వారం అందరికీ కడుపుబ్బరం, అత్త తిట్లు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు పారబోసి, ఇంగువ ఎక్కువ వేశాక సర్దుకుంది. ఆదివారం పొద్దున అత్తకూ నాకూ డాక్టరు రాసిన మాత్ర. అదే పూట బెంగళూరు నుంచి మా అమ్మాయి తన మాత్ర ఫోటో పంపుతుంది. అత్త కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసి, ప్రతి వారం ఒకటే అడుగుతుంది: "తినిందా, ఫోటో తీసి పక్కన పెట్టిందా?"